కారణం రాయవలసిన గడి

మా ఆఫీసులో నన్ను చూస్తే అందరికీ హడల్. అబద్ధం ఎందుకు చెప్పాలి, అది నాకు ఇష్టమే. ఇరవై రెండేళ్లుగా సెలవుల సీటులో పాతుకుపోయాను. ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా, ఎవరింట్లో పెళ్లయినా, ఎవరు కోర్టు మెట్లెక్కినా ఆ కాగితం నా బల్ల మీద నుంచే పోవాలి. నేను చిన్న సంతకం పెడితేనే అధికారి గారు పెద్ద సంతకం పెడతారు. ఆయన చాలాసార్లు చదవకుండానే పెడతారు. నేను చదవకుండా పెట్టిన రోజు లేదు.

కోర్టు సంగతి ముందే చెప్పేస్తాను, ఈ గొడవంతా దాని చుట్టూనే తిరిగింది కాబట్టి. ప్రభుత్వం తరఫున సాక్ష్యానికి పిలిస్తే ఆ రోజు డ్యూటీ. ఆఫీసు కాగితాలు పట్టుకెళ్లి జడ్జి ముందు పెట్టమంటే అదీ డ్యూటీయే. సొంత కేసుకి వెళితే మాత్రం సెలవు. మీ గోడ, మీ స్థలం, మీ మొగుడు, మీ పెళ్లాం, ఏదైనా సరే సెలవే. "నేనేమన్నా సరదాకి వెళ్తున్నానా అండీ కోర్టుకి?" అని నా బల్ల ముందు నిలబడి గొంతు పెంచినవాళ్లు బోలెడుమంది. "సరదాకి వెళ్లినా సెలవే, ఏడవడానికి వెళ్లినా సెలవే. కాగితం ఇలా ఇవ్వండి" అనేదాన్ని.

నాది ఇంకో పట్టుదల ఉంది. సెలవు కాగితంలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. లోకంలో అందరూ అందులో 'సొంత పని' అని రాసి చేతులు దులిపేసుకుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. సొంతం కాని పని ఎవరికుంది? అసలు సంగతి రాయడానికే కదా ఆ గడి గీసింది! అందుకని వెనక్కి పంపేదాన్ని. చచ్చినట్టు రాసేవారు. ఆ కారణాన్ని నేను అక్షరం పొల్లుపోకుండా సెలవుల రిజిస్టర్లో ఎక్కించేదాన్ని. 'ఎలుక కరిచింది' అని రాయలేక ఒకాయన అరగంట నసిగి, చివరికి రాశాడు. ఆఫీసంతా వారం రోజులు నవ్వుకుంది. నాకేం, నా రిజిస్టర్ శుభ్రంగా ఉంది.

లొంగని మనిషి ఒక్కడే. నా పక్క సీటు, టపా గుమాస్తా. వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ ఆయన చేతి మీదుగానే పోతాయి. నా రిజిస్టర్లో ప్రతి వరస పక్కనా తేదీ ముద్ర వేసేదీ ఆయనే. యాభైకి దగ్గర, నోట్లో నాలుక లేని మనిషి. నెలకి ఒకటో రెండో సెలవులు పెట్టేవాడు. కారణం గడిలో 'సొంత పని'. వెనక్కి పంపితే ముందు ఒక మాట చేర్చి 'ముఖ్యమైన సొంత పని' అని పంపేవాడు. మళ్లీ పంపితే 'తప్పనిసరి సొంత పని'. "ఏవండీ, నాతో ఆటలా?" అని అందరి ముందూ గట్టిగా అడిగితే తల దించుకుని కవర్ల మీద ముద్రలు వేసుకునేవాడు. నేను ఎర్ర సిరాతో 'కారణం స్పష్టంగా లేదు' అని రాసి పైకి పంపేదాన్ని. ఒకరోజు కోపం పట్టలేక "ఇదిగో సొంతపని గారూ!" అని పిలిచాను. అంతే, ఆ పేరు ఆయనకి అతుక్కుపోయింది. ఆఖరికి అధికారి గారు కూడా "సొంతపని గారిని ఒకసారి పంపించండి" అనేవారు. అలా పిలిచినా లేచి వెళ్లేవాడు.

ఇక నా సొంత పని సంగతి.

నాకు ఒక్కతే చెల్లెలు. దాని మొగుడు పిల్ల కడుపున పడ్డ ఏడాదికే రోడ్డు ప్రమాదంలో పోయాడు. తర్వాత ఆరేళ్లకి దానికి పాడు జబ్బు వచ్చింది. ఇరవై ఏళ్లు కూడబెట్టిన నా సెలవులన్నీ దాని మంచం పక్కన అయిపోయాయి. అదీ అయిపోయింది. దాని కూతుర్ని, ఏడేళ్ల పాపని, నేను ఇంటికి తెచ్చుకున్నాను. నాకు పెళ్లి కాలేదు. తీరిక లేక కాదు, నా నోటికి తట్టుకునేవాడు దొరక్క.

పాప వచ్చిన రోజు నుంచి మాట్లాడటం మానేసింది. మూగనోము అంటారే, అలా. అన్నం తినేది, బడికి వెళ్లేది, చెప్పిన పని చేసేది. నోరు మాత్రం విప్పేది కాదు. సగం జీతం సెలవులు నాలుగు నెలలు పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. అవీ అయిపోయాయి. తర్వాత మిగిలింది ఏడాదికి పదిహేను రోజుల మామూలు సెలవులు.

అప్పుడు దిగాడు పాప వాళ్ల పెదనాన్న. చనిపోయిన మా మరిదికి అన్నగారు. పక్క ఊళ్లో ఉంటాడు. పాపని తనకి అప్పగించమని కోర్టులో వేశాడు. వరస చూస్తే నేను పాపకి పెద్దమ్మని, ఆయన పెదనాన్న. వినేవాళ్లు మొగుడూ పెళ్లాలు పిల్ల కోసం కొట్టుకుంటున్నారేమో అనుకుంటారు. ఆ ఒక్క గండం నుంచి దేవుడు నన్ను తప్పించాడు.

ఆయన చెడ్డవాడు కాదు. అది ఒప్పుకోకపోతే నా నోరు పడిపోతుంది. ఆయనకి ఇద్దరు పిల్లలు, భార్య రోజంతా ఇంట్లోనే ఉంటుంది. "పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండాలి కదండీ. మీరు పొద్దున పోతే సాయంత్రానికి గాని రారు" అన్నాడు మొదటి వాయిదాలోనే. నిజం కాదు అనడానికి లేదు మరి. కానీ ఆ పిల్లని పెంచాల్సింది నేనే అని నాకు తెలుసు. పొద్దున్నే సూర్యుడు వస్తాడని తెలిసినంత గట్టిగా తెలుసు.

కేసు నడిచింది. నడవడమంటే ఏముంది, వాయిదాలు. నేను సెలవు పెట్టుకుని వెళ్లడం, అవతలి వకీలు లేచి ఇంకో తారీఖు అడగడం, నేను తిరిగి రావడం. ఒకసారి ఆయనకి దగ్గు. ఒకసారి ఏదో కాగితం దొరకలేదు. ఒకసారి ఏ కారణమూ లేదు. అక్టోబరు నెలాఖరుకి నా పదిహేను సెలవుల్లో తొమ్మిది కోర్టే మింగేసింది, మిగతా ఆరు పాపకే పోయాయి. డిసెంబరు ఆరో తారీఖున ఆఖరి విచారణ అన్నారు. నా చేతిలో సెలవు ఒక్కటీ లేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం సొంతపని గారు టపా విప్పుతూ ఆగిపోయాడు. ఒక కవరు తీసుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, చప్పుడు లేకుండా పెట్టాడు. కోర్టు నుంచి ఆఫీసుకి వచ్చిన కాగితం. ఫలానా ఉద్యోగిని సెలవుల రిజిస్టర్‌ని బాధ్యత గల ఉద్యోగి ఒకరు తెచ్చి, ఆరో తారీఖున విచారణలో చూపించాలి అని ఉంది. ఫలానా ఉద్యోగిని అంటే నేనే. అవతలి వకీలు ఎత్తు నాకు వెంటనే అర్థమైంది. నా ఖాతాలో సెలవులన్నీ సున్నా అని నా ఆఫీసు చేతే చెప్పించి, "రేపు పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారు?" అని అడగడం.

కాగితం పట్టుకుని అధికారి గారి గదిలోకి వెళ్లాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, నవ్వారు.

"ఇందులో ఇబ్బందేముందమ్మా? రిజిస్టర్ ఉండేది మీ దగ్గర. బాధ్యత గల ఉద్యోగి అంటే మీ కంటే ఎవరున్నారు? మీరే పట్టుకెళ్లండి. డ్యూటీ వేసేస్తాను. సెలవు లేదన్న బాధే లేదు."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నోరూరింది. డ్యూటీ మీద వెళ్లి, నా కేసు నేను చూసుకుని రావచ్చు.

"కుదరదు సార్" అన్నాను.

"ఎందుక్కుదరదు?"

"అది నా సొంత కేసు. సొంత కేసుకి డ్యూటీ వేసుకుంటే, ఇరవై రెండేళ్లుగా నేను వెనక్కి పంపినవాళ్లందరూ రేపు నా మొహాన ఉమ్మేస్తారు. పైగా నా రిజిస్టర్ నేనే మోసుకెళ్తే, దారిలో ఏం దిద్దిందో అంటాడు ఆ వకీలు. ఇంకెవరి చేతనైనా పంపించండి. నేను జీతం లేని సెలవు పెట్టుకుని వస్తాను."

"జీతం లేని సెలవా? సర్వీసు పుస్తకంలో ఇన్నేళ్లుగా ఒక్క మచ్చ లేదు మీకు."

"మచ్చ పడితే పడింది సార్."

"సరే, ఎవరిని పంపను? తనిఖీ దగ్గర పడింది, అందరికీ చేతినిండా పనే." తలుపు వైపు తిరిగి కేక వేశారు. "సొంతపని గారూ, ఒకసారి ఇలా రండి!"

అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

పదేళ్లుగా ఆ మనిషిని అందరి ముందూ కడిగేశాను. పేరు పెట్టి నవ్వులపాలు చేశాను. ఇప్పుడు నా పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నది ఆయన నోటిమీద పడింది. అబద్ధం చెప్పక్కర్లేదు. ఊరికే 'చేతిరాత సరిగ్గా అర్థం కావడం లేదండీ' అన్నా చాలు. 'ఆవిడ కాస్త కఠినమైన మనిషండీ' అన్నా చాలు. అన్నా తప్పు కాదు.

ఐదో తారీఖు సాయంత్రం రిజిస్టర్‌ని అధికారి గారి ఎదుట కవర్లో పెట్టి, లక్క వేసి, సొంతపని గారి చేతికిచ్చాను. ఏదో ఒక మాట అనాలి. క్షమించండి అనడం నాకు అలవాటు లేదు. "జాగ్రత్తండీ" అన్నాను. "అలాగేనండీ" అన్నాడు. అంతే.

ఆరో తారీఖు పొద్దున పాప జడ వేయించుకుంటూ నాలుగు వందల ప్రశ్నలు అడిగింది. అవును, మాట్లాడుతోంది. ఆగస్టులో మొదలుపెట్టింది, ఇక ఆపలేదు. ఆ ఏడాదిన్నర అప్పు ఇప్పుడు వడ్డీతో తీరుస్తోంది.

"పెద్దమ్మా, జడ్జి గారు నీ కంటే కోపిష్టా?"

"ఎవరూ ఉండరు. తల కదపకు."

"నువ్వు ఓడిపోతే నేను పెదనాన్న వాళ్లింటికి వెళ్లిపోవాలా?"

"ఓడిపోను."

"ఓడిపోతే?"

"నన్ను ఓడించేవాడు ఇంకా పుట్టలేదే! రిబ్బను పట్టుకో."

"నాకు తెలుసులే" అంది, రిబ్బను చేతికిస్తూ. చాలా ధీమాగా అంది. ఆ ధీమా నా దగ్గర నేర్చుకున్నదే. బడి గేటు దగ్గర దింపి, అది లోపలికి పోయేదాకా నిలబడ్డాను.

కోర్టు వరండాలో సొంతపని గారు నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. కవరు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని కూర్చున్నాడు. నేను ఎదుటి బెంచీ మీద కూర్చోబోతే లేచాడు.

"దాని మీద వద్దండీ. ఒక కాలు ఊగుతుంది, పడిపోతారు. ఇటు రండి."

కూర్చున్నాను. పదైంది. "పిలుస్తారంటారా?" అన్నాను.

"మనది పదకొండున్నర లోపు రాదండీ. ముందు ఇద్దరూ ఒప్పుకున్న కేసులు పిలుస్తారు. అవి త్వరగా అయిపోతాయి. మంచినీళ్లు కావాలంటే ఆ చివర పంపు వద్దు, తుప్పు వాసన. మెట్ల కింద ఇంకోటుంది."

ఇంతలో లోపలి నుంచి వచ్చిన బంట్రోతు ఆయన్ని చూసి ఆగాడు. "ఏం సార్, బాగున్నారా? కనపడి చాలా కాలమైంది" అని పలకరించాడు. ఆయన నవ్వీ నవ్వనట్టు తలూపాడు.

"మీకు ఇవన్నీ ఎలా తెలుసు?" అన్నాను.

"తెలుసండీ" అని కవరు మీద లక్క వైపు చూశాడు. టపా పనిమీద వస్తూ ఉంటాడు కాబోలు అనుకున్నాను. నా గొడవలో నేనున్నాను.

పదకొండూ నలభైకి పిలిచారు.

జడ్జి గారు ఆడమనిషి. నా వయసే ఉంటుంది. ఒక పక్క పెదనాన్న, ఆయన వకీలు. ఇంకో పక్క నేను, మా వకీలు. మా వకీలు చిన్నపిల్ల, ఇది దాని మూడో కేసు. ముందురోజే దానికి ఒక్క మాట చెప్పి పెట్టాను. "వాళ్లు సున్నాలు లెక్కపెట్టనీ. ఆ తర్వాత నువ్వు లేచి కారణం గడి చదివించు. ఇంకేం అడగొద్దు."

సొంతపని గారు బోనులో నిలబడి లక్క పగలగొట్టాడు. అవతలి వకీలు ఆయన దగ్గరకు వెళ్లి తీరిగ్గా మొదలుపెట్టాడు.

"ఈవిడ ఖాతాలో ఈ రోజుకి మామూలు సెలవులు ఎన్ని ఉన్నాయి?"

"లేవండి."

"కూడబెట్టుకున్నవి?"

"లేవండి."

"సగం జీతం సెలవులు?"

"అవీ లేవండి."

"మరి ఈ రోజు ఎలా వచ్చారు?"

"జీతం లేని సెలవు మీదండి."

"అంటే రేపు పిల్లకి ఒళ్లు వెచ్చబడితే ఇంట్లో ఉండటానికి ఈవిడకి ఒక్క రోజు కూడా లేదు. అంతేనా?"

సొంతపని గారు నా వైపు చూశాడు. తర్వాత రిజిస్టర్ వైపు చూశాడు. "ఖాతాలో లేదండి" అన్నాడు.

వకీలు పెళ్లికొడుకులా నవ్వుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. పెదనాన్న నా వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు.

మా వకీలు పిల్ల లేచింది. "ఆ సెలవులు దేనికి వాడారో కారణం గడిలో ఉంటుంది. ఈ ఏడాదివి చదవండి."

అవతలి వకీలు లేచి అడ్డుపడబోయాడు. జడ్జి గారు చెయ్యెత్తి ఆపారు. "రిజిస్టర్ తెప్పించింది మీరే కదా. చదవనివ్వండి."

సొంతపని గారు వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. ముందు టపా నంబర్లు చదివినట్టు చదివాడు.

"జనవరి పద్దెనిమిది. అర రోజు. పాపకి పాలపన్ను ఊడలేదు, వెనక కొత్త పన్ను వస్తోంది. పళ్ల డాక్టరు దగ్గరకు. ఫిబ్రవరి మూడు. ఒక రోజు. పాప బడిలో ఎవరితోనూ మాట్లాడటం లేదని టీచరు రమ్మన్నారు. ఫిబ్రవరి ఇరవై. వాయిదా, సొంత కేసు. మార్చి తొమ్మిది. వాయిదా, సొంత కేసు. ఏప్రిల్ రెండు, మూడు. పాపకి జ్వరం. ఏప్రిల్ ఇరవై ఒకటి. వాయిదా, సొంత కేసు. మే ఎనిమిది. ఒక రోజు. పాప తన అమ్మ ఫొటో తెచ్చి చూపించింది. పెద్దది చేయించి గోడకి పెట్టడానికి. జూన్ పన్నెండు. వాయిదా..."

అక్కడి నుంచి ఆయన గొంతు నెమ్మదించింది.

"జులై ఒకటి, వాయిదా. జులై ఇరవై ఆరు, వాయిదా. ఆగస్టు పదకొండు. అర రోజు." ఆగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. "పాప ఇంటి నుంచి ఫోన్ చేసి పెద్దమ్మా అంది. మాట్లాడుతోంది. వినడానికి."

నేను ఏడవనని పాపకి మాటిచ్చాను. మాట తప్పాను.

"మళ్లీ చదవండి" అన్నారు జడ్జి గారు.

"పాప ఇంటి నుంచి ఫోన్ చేసి పెద్దమ్మా అంది. మాట్లాడుతోంది. వినడానికి. అర రోజు."

"కింద సంతకం?"

"అదే రోజు అధికారి గారు పెట్టారండి. తేదీ ముద్ర నేనే వేశాను." అది ఎవరూ అడగలేదు, ఆయనే చెప్పాడు. "ప్రతి వరస పక్కనా నా ముద్ర ఉందండి. తర్వాత చేర్చింది ఒక్క ముక్క కూడా లేదు."

మిగతావి కూడా చదివాడు. సెప్టెంబరులో పాప బడిలో పాట పాడుతుందట, ముందు వరసలో కూర్చోమంది, ఒక రోజు. తర్వాత ఇంకో మూడు వాయిదాలు. జడ్జి గారు తన ఎదుట ఉన్న కేసు కాగితాలు వెనక్కి తిప్పి, ఒక్కో తారీఖూ వేలితో చూసుకుంటూ లెక్కపెట్టారు.

"వకీలు గారూ, ఈ తొమ్మిది వాయిదాల్లో ఏడు మీరు అడిగినవే."

వకీలు తన కాగితాలు తిరగేశాడు. "కొన్ని అనివార్య..."

"ఆవిడకి సెలవులు లేవంటున్నారు. ఉన్నవి తిన్నది మీరు. తినేసి, కంచం ఖాళీగా ఉందని చూపించడానికి ఆఫీసు నుంచి మనిషిని కూడా పిలిపించారు." తర్వాత సొంతపని గారి వైపు తిరిగారు. "ఈ పిల్ల రాకముందు ఆవిడ సెలవులు ఎలా వాడేవారు?"

ఆయన వెనక పేజీలు తిప్పాడు. "ఏడాదికి ఒకటో రెండో అండి. కొన్నేళ్లు అసలు లేవండి. తర్వాత చెల్లెలి ఆసుపత్రికి మొత్తం పెట్టేశారు."

అప్పుడు పెదనాన్న లేచాడు. వకీలు చొక్కా పట్టి లాగుతున్నా లేచాడు. "పాప మాట్లాడటం మానేసిందా? మాకెవరూ చెప్పలేదే! ఈ వాయిదాలు మనమే అడిగామా? నాతో వాళ్లే అడుగుతున్నారని చెప్పావు కదయ్యా!" అన్నాడు. ఆ మాట వకీలుతో. నాతో అన్నది తర్వాత, మెల్లగా. "నాకు తెలియదమ్మా. ఇంట్లో మనిషి లేదనే అనుకున్నాను."

భోజనాల వేళకి తీర్పు వచ్చేసింది. పాప నా దగ్గరే ఉంటుంది. వేసవి సెలవుల్లో పెదనాన్న వాళ్లింటికి వెళ్లి వస్తుంది. ఆయన దానికి తల ఊపాడు, నేనూ ఊపాను. ఇంతకాలం ఈ మాట మేమిద్దరం ఒక టీ కప్పు ముందు కూర్చుని మాట్లాడుకోలేకపోయామే అని నాకు నా మీదే కోపం వచ్చింది.

వరండాలోకి వచ్చేసరికి సొంతపని గారు కాలు ఊగే బెంచీ పక్కన నిలబడి, రిజిస్టర్‌ని మళ్లీ కవర్లో పెడుతున్నాడు. దగ్గరికెళ్లి నిలబడ్డాను. ఈసారి మాట వెతుక్కోలేదు.

"మీ మేలు మర్చిపోలేనండీ. నా మీద కోపం తీర్చుకుని ఉండొచ్చు మీరు. తీర్చుకోలేదు."

"కోపమెందుకండీ? ఉన్నదే చదివాను." కవరు అంచు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "నాది కూడా ఈ హాల్లోనే నడిచిందండీ. ఆరేళ్లు."

నాకు అర్థం కాలేదు. "మీది ఏమిటి?"

"మా అబ్బాయి కేసు. నేనూ మా ఆవిడా విడిపోయాం. వాడు ఎవరి దగ్గరుండాలని. కేసు పోయి నాలుగేళ్లయింది. వాడు వాళ్లమ్మతో వేరే ఊళ్లో ఉంటున్నాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు."

ఊగే బెంచీ. తుప్పు పంపు. పలకరించిన బంట్రోతు. నెలకి ఒకటో రెండో సెలవులు. ముఖ్యమైన సొంత పని. తప్పనిసరి సొంత పని.

"కోర్టుకని రాయొచ్చు కదండీ! నేను అన్నిసార్లు అడిగాను!"

"రాస్తే మీరు రిజిస్టర్లో ఎక్కిస్తారు. ఆఫీసంతా చదువుతుంది. ఎలుక కరిచినాయన్ని చూశాను కదండీ." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "సిగ్గేసింది. వాడి బడికెళ్లిన రోజులు, వాడికి చెయ్యి విరిగితే కూర్చున్న రోజులు, అన్నీ ఆ రెండు మాటలే రాశాను. ఆఖరి విచారణలో అవతలివాళ్లు అడిగారు, పిల్లాడి కోసం ఎన్నాళ్లు సెలవు పెట్టావయ్యా అని. నా రిజిస్టర్లో చూపించడానికి ఏముందండీ? అన్నీ సొంత పనే. పైన ఎర్ర సిరాతో మీరు రాసింది కూడా ఉంది, కారణం స్పష్టంగా లేదు అని."

నేను ఆ ఊగే బెంచీ మీదే కూలబడ్డాను. అది ఊగింది, పడలేదు. ఆయన కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు. నన్ను పడిపోకుండా పట్టుకోవడం కూడా ఆయన వంతే అయింది ఆరోజు.

"నేను అందర్నీ నవ్వించినందుకే మీరు రాయలేదు" అన్నాను. "నేను పెట్టిన పేరు, నేను రాసిన ఎర్ర సిరా."

"అలా అనకండీ. రాయాల్సింది నేను."

"ఇద్దరం" అన్నాను. "కేసు పోతే ఏం? చూడటానికైనా హక్కు ఉంటుంది కదా. నెలకోసారి, సెలవుల్లో. మా పాప పెదనాన్నకి ఇప్పుడే ఇచ్చారు, మీ చెవులతో మీరే విన్నారు. వేయండి అర్జీ."

"ఇప్పుడా అండీ?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? వాడికి మీసాలొచ్చాకా? మా వకీలు పిల్ల ఉందిగా, ఇవాళ నాలుగో కేసు వెతుక్కుంటోంది."

మర్నాడు ఆఫీసులో అధికారి గారు అలవాటుగా తలుపులోంచి కేక వేశారు. "సొంతపని గారూ, ఇలా రండి, కోర్టులో ఏమైందో చెబుదురు గానీ!"

నేను నా సీట్లోంచే లేచాను. "సార్, ఆ పేరు పెట్టింది నేను. ఇవాళ్టి నుంచి తీసేస్తున్నాను. ఇంకెవరైనా ఆ పేరుతో పిలిస్తే వాళ్ల సెలవు కాగితం నా బల్ల మీద ఏడాది పడుకుంటుంది." హాలంతా గప్‌చుప్. నా మాట మీద వాళ్లకి అంత నమ్మకం.

మధ్యాహ్నానికి టపా సీటు నుంచి ఒక కాగితం నా బల్ల మీదకు వచ్చింది. సెలవు కాగితమే. కారణం గడిలో చిన్న అక్షరాలతో, గడి చాలక పక్కకి కూడా పాకించి రాశాడు. 'మా అబ్బాయిని నెలకోసారి చూసుకోవడానికి అనుమతి కోరుతూ కోర్టులో అర్జీ వేయడానికి.' ఎవరికీ కనపడకుండా మడిచి ఇచ్చాడు. నేను దాన్ని విప్పి, చదివి, రిజిస్టర్లో ఆ వరస అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. రిజిస్టర్ మూసి, మొదటిసారిగా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక నుంచి అది ఎవరి కంటా పడదు.

చిన్న సంతకం పెట్టబోతుంటే ఆయన ముందుకి వంగాడు. ఆ మనిషి నాతో పరాచికమాడటం పదేళ్లలో అదే మొదలు.

"కోర్టు పనే కదండీ. డ్యూటీ వేస్తారా?"

"ఛస్తే వేయను" అన్నాను. "సొంత కేసు. సెలవే."